అప్పగించిన సమాచారం ఎవరిది?

ఇంటికి తలుపు ఎంత అవసరమో, వ్యక్తి జీవితానికి గోప్యత అంత అవసరం. అయితే తన వివరాలను బ్యాంకుకో, ఆసుపత్రికో, కళాశాలకో అప్పగించిన తరువాత వాటిపై ఆ వ్యక్తికి హక్కు మిగులుతుందా?

ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తిన ఒక వివాదం ఈ ప్రశ్నకు సమాధానమిచ్చింది. 1986లో రాష్ట్రం స్టాంపుల చట్టంలోని 73వ సెక్షన్‌ను సవరించింది. సుంకం ఎగవేతను అరికట్టడానికి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా బ్యాంకులోని పత్రాలను తనిఖీ చేయవచ్చునన్నది. హైకోర్టు ఈ సవరణను కొట్టివేసింది. 2004లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థిస్తూ, నమ్మి బ్యాంకులో ఉంచినంతమాత్రాన పత్రాల గోప్యత తొలగిపోదని, గోప్యత స్థలానికి కాక మనిషికి చెందినదని స్పష్టం చేసింది.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. తన సమాచారాన్ని సరిదిద్దించుకునే, తొలగింపజేసుకునే హక్కులను వ్యక్తికి ఇచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలన్నది. సమాచారాన్ని కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్ణయించింది.

కాని అదే చట్టం, దేశభద్రత వంటి కారణాలపై ప్రభుత్వ సంస్థలను మినహాయించే అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టింది. నేరాలను అరికట్టడానికి కొంత వెసులుబాటు అవసరమే. అయితే 1986 నాటి సవరణ ఉద్దేశమూ మంచిదే. హద్దు లేకపోవడమే దాని దోషం. కనుక ప్రతి మినహాయింపుకూ కారణం, కాలపరిమితి, స్వతంత్ర పర్యవేక్షణ ఉండితీరాలి. చేనుకు కంచె వేయడమే చాలదు. ఆ కంచే చేను మేయకుండా చూడాలి.