జిరాఫీ ఎందుకు తల వంచింది?

రైలు మోడళ్ళ కంపెనీలు కొత్త క్యాటలాగ్ విడుదల చేసిన ప్రతిసారీ కలెక్టర్ల మధ్య ఒకటే పంచాయితీ. ఒక వర్గం భూతద్దం తీస్తుంది. బాయిలర్ మీద రివెట్ల వరస సరిగ్గా ఉందా? ఆ ఇంజను ఆ ఏడాది ఆ ఆకుపచ్చ రంగులోనే తిరిగిందా? చక్రానికి ఆకులెన్ని? ఇంకో వర్గం అదే క్యాటలాగులో చేపలు ఈదే అక్వేరియం పెట్టెనో, మాంత్రికుల బడికి వెళ్ళే ఎర్ర రైలునో చూసి మురిసిపోతుంది. మొదటి వర్గానికి రెండో వర్గమంటే చులకన. "అవి పిల్లల బొమ్మలండీ, మావి మోడళ్ళు" అంటారు. ఆ "అండీ"లో మర్యాద కన్నా వెటకారమే ఎక్కువ.

నా మాట సూటిగా చెప్పేస్తాను. ఈ చులకనకి ఆధారం లేదు. నిజానికీ ఊహకీ మధ్య గీత ఉందని రివెట్లు లెక్కపెట్టేవాళ్ళు అనుకునే చోట అసలు గీతే లేదు. అది వేరేచోట ఉంది. రైలు గురించి తెలిసి, ఇష్టపడి చేసిన వస్తువు ఒకవైపు. బద్ధకంగా అచ్చు గుద్దిన వస్తువు ఇంకోవైపు. రెండు రకాలూ రెండు వర్గాల అల్మారాల్లోనూ ఉన్నాయి.

ముందు కొలతలు చూద్దాం. వాళ్ళ బలమంతా కొలతలే కదా.

బ్రిటన్‌లో ఎక్కువమంది వాడేది ఓఓ గేజ్. హార్న్‌బీ అనగానే గుర్తొచ్చేది అదే. అసలు రైల్లో ఒక అడుగు ఈ మోడల్లో నాలుగు మిల్లీమీటర్లు, అంటే సుమారు 76వ వంతు. ఆ లెక్కన నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాల గేజ్ మోడల్లో 18.83 మిల్లీమీటర్లు ఉండాలి. ఉన్నది 16.5. ఆ పట్టా నిజానికి ఇంకో స్కేలుది, 87వ వంతు హెచ్‌ఓది. బ్రిటిష్ ఇంజన్లు చిన్నవి. హెచ్‌ఓ స్కేలులో చేస్తే అప్పటి మోటార్లు లోపల పట్టలేదు. అందుకని ఇంజన్ని కాస్త పెంచి, పట్టాని మాత్రం అలాగే ఉంచేశారు. ఫలితం ఏమిటంటే, రివెట్ రివెట్టూ సరిచూసుకుని కొన్న ఎక్స్‌ప్రెస్ ఇంజను, నిజానికి మార్చి చూస్తే, నాలుగడుగుల ఒకటిన్నర అంగుళాల గేజ్ మీద నడుస్తోంది. అలాంటి మెయిన్ లైను బ్రిటన్‌లో ఎప్పుడూ లేదు.

మలుపుల సంగతి ఇంకా విచిత్రం. హార్న్‌బీ సెకండ్ రేడియస్ వంపు 438 మిల్లీమీటర్లు. 76తో గుణించండి. దాదాపు 33 మీటర్లు. అసలు ఎక్స్‌ప్రెస్ ఇంజను అంత బిగువు మలుపు తిరగబోతే పట్టాల మీద ఉండదు, పొలంలో ఉంటుంది.

అమెరికాలో లయొనెల్ కంపెనీ 1937లో న్యూయార్క్ సెంట్రల్ వారి హడ్సన్ ఇంజన్ని స్కేలు తప్పకుండా చేసింది. ధర 75 డాలర్లు. ఇప్పటికీ కలెక్టర్లు దాని పేరు భక్తిగా పలుకుతారు. ఆ ఇంజను నడిచేది మూడు పట్టాల మీద. కరెంటు కోసం నడిమధ్య ఇంకో పట్టా! మన దగ్గర కూడా అంతే. భారతీయ బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ స్కేలులో అది 19 మిల్లీమీటర్లు దాటాలి. అయినా మన డబ్ల్యూఏపీ ఇంజను మోడల్ని హెచ్‌ఓలో ముచ్చటపడి తెచ్చుకున్నవాళ్ళు మామూలుగా నడిపేది ఆ 16.5 పట్టా మీదే. సికింద్రాబాద్ నుంచి బయల్దేరాల్సిన బండి తన వెడల్పు తాను పోగొట్టుకుని తిరుగుతుంది.

ఇదంతా ఎగతాళికి చెప్పడం లేదు. 18.83 మిల్లీమీటర్ల పట్టాని సొంత చేతులతో వేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి దండం. కానీ వాళ్ళు కొద్దిమందే. మిగతా వాస్తవవాదులంతా ఒక ఒప్పందం మీద బతుకుతున్నారు: ఇది చూద్దాం, అది చూడొద్దు. ఒప్పందం తప్పేమీ కాదు, ప్రతి కళకీ ఒకటి ఉంటుంది. అయితే మీ ఒప్పందాన్ని నిజం అని పిలుచుకుని, పక్కవాడి ఒప్పందాన్ని చిన్నపిల్లల వేషాలు అంటే మాత్రం అది కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే. మూడో పట్టాని చూడకుండా ఉండటం నేర్చుకున్న కన్ను, ఒక్క జిరాఫీని భరించలేకపోతోందా?

జిరాఫీ అన్నాను కాబట్టి దాని కథ చెప్పాలి. 1960ల మొదట్లో లయొనెల్ ఒక పశువుల పెట్టె అమ్మింది. మీద బ్రాంక్స్ జూ అని రాసి ఉంటుంది. కప్పుకి ఉన్న కన్నంలోంచి జిరాఫీ తల బయటికి పొడుచుకొస్తుంది. పట్టా పక్కన ఒక స్తంభం, దానికి కుచ్చులా వేలాడే దారాలు. రైలు అక్కడికి రాగానే జిరాఫీ తల కిందికి దించుకుంటుంది, దాటాక మళ్ళీ ఎత్తుతుంది. అంతే. చూసినవాళ్ళు నవ్వుతారు. రివెట్లవాళ్ళు మాత్రం నవ్వరు.

ఆ కుచ్చుల స్తంభం బొమ్మల కంపెనీ ఊహించింది కాదు. అమెరికా రైల్వేల్లో దాన్ని టెల్‌టేల్ అనేవారు. రైలంతటికీ ఒకేసారి పడే ఎయిర్‌బ్రేకు రాకముందు, గూడ్సు బండి ఆపాలంటే బ్రేక్‌మన్లు కదులుతున్న పెట్టెల కప్పుల మీద నడుస్తూ ఒక్కో పెట్టె బ్రేకు చక్రం తిప్పాలి. వానైనా, మంచైనా, అర్ధరాత్రయినా. ముందు తక్కువ ఎత్తు వంతెనో సొరంగమో ఉంటే, దానికి కాస్త ఇవతల పట్టాల మీదుగా తాళ్ళు వేలాడదీసేవారు. అవి ఒంటికి తగిలాయంటే వంగమని. వంగడం ఆలస్యమైతే ప్రాణం పోయినట్టే. చివరికి ఎయిర్‌బ్రేకులూ, వాటంతట అవే తగులుకునే కప్లింగులూ తప్పనిసరి చేస్తూ అమెరికా కాంగ్రెస్ 1893లో చట్టం తెచ్చింది.

ఇప్పుడు చెప్పండి. రివెట్లన్నీ ఉండి, డ్రైవరూ ఫైర్‌మనూ లేని ఖాళీ క్యాబుతో గిరగిరా తిరిగే ఇంజన్లు ఎన్ని చూడలేదు? వాటిని నిజం అంటున్నాం. మనిషి వంగిన చోట జిరాఫీని వంచి, ఆ స్తంభం ఎందుకుందో ఒక పిల్లాడు అడిగేలా చేసిన పెట్టెని వేషం అంటున్నాం. లయొనెల్ వాళ్ళు కార్మికులకి స్మారకం కట్టారని నేననను. వాళ్ళకి కావలసింది నవ్వూ, అమ్మకమూ. కానీ ఆ జోకు రైల్వే తెలిసినవాడికే తడుతుంది. నా లెక్కలో ఆ తెలియడమే అసలు విలువ.

ఎర్ర రైలు సంగతీ చూద్దాం. హ్యారీ పాటర్ సినిమాల్లో హాగ్వార్ట్స్ రైలుని లాగింది అసలు ఇంజనే. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1937లో కట్టిన 5972 నంబరు ఆల్టన్ హాల్. సినిమా కోసం దానికి ఎర్రరంగు వేసి, హాగ్వార్ట్స్ కాజిల్ అని పేరుపలక తగిలించారు, నంబరు మాత్రం మార్చలేదు. హాల్ తరగతి ఇంజనుకి కాజిల్ పేరేమిటని వాస్తవవాదులు ముక్కు విరుస్తారు. కానీ ఆ ఇంజను ఆ రంగులో, ఆ పేరుతో నిజమైన పట్టాల మీద నడిచింది. దాని మోడల్‌కి ఆకుపచ్చ వేస్తే నిజమా, ఎరుపు వేస్తే నిజమా? కల్పన వచ్చి నిజం మీద రంగు పూసి వెళ్ళాక, భూతద్దం ఏ పొరని చూస్తుంది?

ఈ గొడవకి అందరికన్నా మంచి జవాబు ఒక పాదిరీ దగ్గరుంది. విల్బర్ట్ ఆడ్రీ 1945లో మొదలుపెట్టిన రైలు కథల్లోంచే థామస్ పుట్టాడు. కళ్ళూ ముక్కూ ఉన్న ఇంజన్లు. ఇంతకన్నా వేషం ఏముంటుంది? కానీ ఆడ్రీ అంత కరుడుగట్టిన వాస్తవవాది ఇంకొకరు దొరకరు. తన కథల్లోని సంఘటనలకి ఎక్కడో ఒకచోట అసలు రైల్వేలో జరిగిన ఆధారం ఉండాలని పట్టుబట్టేవాడు. సోడోర్ అనే లేని దీవికి తమ్ముడితో కలిసి భూగోళం, చరిత్ర, రైలుమార్గాలు అన్నీ రాసిపెట్టాడు. తనే మోడల్ రైల్వే కట్టి ప్రదర్శనల్లో నడిపాడు. టీవీ వాళ్ళు ఒక ఇంజను అడవి అందం చూడటానికి లైను మధ్యలో ఆగినట్టు కథ తీస్తే, ఏ రైల్వేలోనూ బండిని అలా ఆపనివ్వరని అభ్యంతరం చెప్పాడు. ఇంజను మాట్లాడొచ్చు. సిగ్నల్ నియమం మాత్రం తప్పకూడదు.

చందమామ బేతాళ కథలు చదివినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. శవం మాట్లాడుతుందా అని అక్కడ ఎవరూ అడగరు. సమాధానం తెలిసీ ఊరుకుంటే తల పగులుతుంది, నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఆ నియమం తప్పిందా, కథ పోయిందే. ఊహ నిలబడేది నియమం మీదే. కథ చదివి "ఇది నిజంగా జరిగిందా?" అని మాత్రమే అడిగే మన సాహిత్య సభల వాస్తవవాదులకీ ఇదే జవాబు.

వాస్తవవాదుల దగ్గర ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటేయకూడదు. కొత్త ఇంజనుకి అచ్చులు చేయించడం చాలా ఖరీదు. ఆ డబ్బుని కంపెనీలు తమాషా పెట్టెల మీద తగలేస్తే, ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న అసలు ఇంజన్లు ఎప్పుడొస్తాయి? న్యాయమైన ప్రశ్నే. చరిత్ర చెప్పే జవాబు మాత్రం తలకిందులుగా ఉంది. ఆర్థికమాంద్యంలో, 1934లో లయొనెల్ కోర్టు రిసీవర్ల చేతిలోకి పోయింది. ఆ ఏడాది మిక్కీ, మిన్నీ ఎలుకలు చెరోవైపు ఊగుతూ నడిపే చిన్న హ్యాండ్‌కార్‌ని ఒక డాలరుకి అమ్మింది. రెండున్నర లక్షలకి పైగా పోయాయి. మిక్కీయే కంపెనీని గట్టెక్కించాడని పత్రికలు రాశాయి. అది అతిశయోక్తే, ఎందుకంటే అదే ఏడాది యూనియన్ పసిఫిక్ వారి కొత్త స్ట్రీమ్‌లైనర్ మోడల్ కూడా వచ్చింది. ఒకటి తమాషా, ఒకటి అచ్చమైన నిజం. రెండూ కలిసి లాగాయి. మూడేళ్ళకి 75 డాలర్ల హడ్సన్ రావాలంటే, ముందు కంపెనీ బతికుండాలి కదా! ఆ హడ్సన్ని కొనలేని ఇళ్ళలో కూడా డాలరు బొమ్మ ఒక పిల్లనో పిల్లాడినో ఈ సరదాలోకి లాక్కొచ్చి ఉంటుంది.

అలాగని తమాషా అన్నదల్లా మంచిదని నేననడం లేదు. పాత పెట్టె మీద కూల్‌డ్రింకు బొమ్మ అచ్చేసి, ఈ ఏటి క్రిస్మస్ అని అంకె మార్చి అమ్మితే అది ఊహ కాదు, స్టిక్కర్. 1957లో లయొనెల్ అమ్మాయిల కోసమని గులాబీరంగు ఇంజనూ, లేత రంగుల పెట్టెలూ తెచ్చింది. అమ్ముడుపోలేదు. రైలు కావాలనుకునే అమ్మాయికి రైల్లాంటి రైలే కావాలి. వాస్తవవాదులు దీన్ని తమ గెలుపుగా చూపిస్తారు. నిజానికి అక్కడ ఓడింది ఊహ కాదు. అమ్మాయిలంటే గులాబీరంగేనని అనుకుని, వాళ్ళకేం కావాలో తెలుసుకోని బద్ధకం. పైగా ఇప్పుడు ఆ సెట్టు కోసం ఎగబడేది పెద్ద పెద్ద కలెక్టర్లే, లయొనెల్ దాన్ని మళ్ళీ చేసి అమ్మింది కూడా. అప్పుడు వేషమైంది పాతబడితే వారసత్వమైపోతుందన్నమాట! ఇక అదే ఇంజన్ని నంబరు మార్చి, లిమిటెడ్ ఎడిషన్ అని పెట్టె మీద రాసి నాలుగోసారి అమ్మడం ఏమిటి? అదీ స్టిక్కరే. కాకపోతే గంభీరమైన స్టిక్కర్.

ఈ తగువులో పోయేది ఎవరి పరువో కాదు. ఈ సరదాకి పెద్ద వయసు వాళ్ళే ఎక్కువగా మిగిలారు, ధరలు ఆకాశంలో ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడి, లోపలికొచ్చే ప్రతి పిల్లాణ్ణీ, ప్రతి అమ్మాయినీ "నీకు రివెట్లు తెలుసా?" అని అడిగితే వాళ్ళు వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు. వాళ్ళతోపాటు టెల్‌టేల్ అంటే ఏమిటని అడిగే ప్రశ్న కూడా వెళ్ళిపోతుంది.

వచ్చే క్యాటలాగు విప్పినప్పుడు ఇది నిజమా, తమాషానా అని అడగకండి. దీన్ని చేసినవాడికి రైలు తెలుసా అని అడగండి. తాను పెట్టుకున్న నియమాన్ని ఈ బొమ్మ చివరిదాకా నిలబెట్టుకుందా అని అడగండి. రెంటికీ అవునని వస్తే కొనండి, జిరాఫీ అయినా హడ్సన్ అయినా. కొన్నాక దయచేసి పెట్టెలోంచి బయటికి తీసి నడపండి.