వాళ్ళొస్తే మేం రాం

ఈసారి మన ఇంటి సంగతే మాట్లాడుకుందాం. బయటివాళ్ళని తిట్టడం తేలిక. మనల్ని మనం అడుక్కోవడమే కష్టం.

మొన్న క్రిస్మస్ ఆరాధనకి మా పేట చర్చికి ఒకామె వచ్చింది. మా పేటలోనే పుట్టింది. పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు. పదిహేనేళ్ళ వయసులో ఇల్లొదిలి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయింది అంటాం గానీ, తరిమేశాం. ఇన్నేళ్ళకి చీర కట్టుకుని, నెత్తిన ముసుగేసుకుని వచ్చి ఆడవాళ్ళ వైపు చివరి చాప మీద కూర్చుంది. పక్కనున్న ఇద్దరు లేచి ముందుకి జరిగారు. కానుకల సంచి ఆమె దాకా వెళ్ళింది. రొట్టె మాత్రం వెళ్ళలేదు.

తర్వాత పాస్టరు గారిని అడిగాను. మంచి మనిషే. "నాకేం అభ్యంతరం లేదు తమ్ముడూ. కానీ ఆమె వస్తే మేం రామని నాలుగు కుటుంబాలు చెప్పేశాయి" అన్నారు.

వాళ్ళొస్తే మేం రాం. ఈ మాట మనకి కొత్తా?

ఒంగోల్లో క్లౌ దొర బడి పెట్టిన రోజుల్లో అగ్రకులాల పెద్దలు అన్నది ఇదే. మాదిగల్ని చేర్చుకుంటే మా పిల్లల్ని పంపం అన్నారు. వాళ్ళ మాట విని ఉంటే ఆయన బడి నిండేది, పరువూ దక్కేది. ఆయనా, ఆయన భార్యా కొరింథీ పత్రిక తెరిచారు. లోకం నీచంగా చూసినవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడని చదివి మనవాళ్ళ వైపు నిలబడ్డారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారంటే దాని వెనక ఆ నిర్ణయం ఉంది. ఆ రోజు తలుపు తీయించుకున్నవాళ్ళ మునిమనవలం, ఇవాళ తలుపు దగ్గర కాపలా కాస్తున్నాం.

"వాక్యం ఒప్పుకోదు కదన్నా" అంటారు. సరే, వాక్యమే చూద్దాం. వృషణాలు నలిగినవాడు సమాజంలోకి రాకూడదని ద్వితీయోపదేశకాండం 23లో ఉంది. అదే బైబిల్లో యెషయా 56 కూడా ఉంది. నన్ను నమ్ముకున్న షండుడికి నా ఇంట్లో కొడుకులూ కూతుళ్ళకంటే గొప్ప పేరిస్తానని దేవుడు మాటిస్తాడక్కడ. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయ నపుంసకుడు నీళ్ళు చూసి, నాకు బాప్తిస్మం ఇవ్వడానికి అడ్డమేంటని అడుగుతాడు. ఫిలిప్పు సంఘం ఒప్పుకోదు అనలేదు. అతనితోపాటు నీళ్ళలోకి దిగాడు. ఆ కాలపు నపుంసకులూ ఇవాళ్టి ఎల్జీబీటీ మనుషులూ అచ్చంగా ఒకటేనని నేననను. కానీ బైబిల్లో తలుపు ఏ వైపుకి తెరుచుకుంటూ వస్తోందో కనపడట్లేదా?

ఇంకో మాట కూడా వింటున్నాను: పాపిని ప్రేమిస్తాం, పాపాన్నే ద్వేషిస్తాం. మనకి టీ పోసిన హోటలాయన కూడా మనమంటే ద్వేషం లేదనే అన్నాడు. గ్లాసు మాత్రం వేరే పెట్టాడు. ఆ ప్రేమ రుచి మనకి తెలుసు. మన కులం పేరునే తిట్టుగా మార్చి మన మీద విసిరారు. మనం 'తేడా', 'ఆడంగి' అంటూ ఇంకొకరి మీద విసురుతున్నాం.

ప్రేమంటే నేను అడుగుతున్నది పెద్దదేం కాదు. ప్రసంగంలో వాళ్ళ మీద జోకులు మానండి. పిల్లాడు నోరు తెరిచి చెప్పుకుంటే ఇంట్లోంచి గెంటకండి. దయ్యం పట్టిందని ఉపవాస ప్రార్థనల పేరుతో కొట్టకండి. మార్చేస్తామనే చికిత్సలు చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషనే 2022లో చెప్పింది. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని ఇంకో ఆడపిల్ల బతుకు బలి చేయకండి. అద్దెకి ఇల్లు ఇవ్వండి. చచ్చిపోతే మన సమాధుల తోటలో చోటివ్వండి. బతికుండగా బల్ల దగ్గర చోటివ్వండి.

ఇంత రాస్తున్న నేను ఆ రోజేం చేశాను? రొట్టె ఆమెని దాటిపోతుంటే చూశాను. నా ముక్క నేను తిన్నాను. నాలుగు కుటుంబాలు రామన్నప్పుడు, ఆమె రాకపోతే మేమూ రామని చెప్పే ఐదో కుటుంబం లేకపోయింది.

వచ్చే క్రిస్మస్‌కి ఆమెని మా ఇంటికి పిలిచాం. మా ఇంట్లోంచే చర్చికి వెళ్తాం. చివరి చాప మీద ఆమె పక్కన కూర్చుంటానని మా ఆవిడ చెప్పింది. రొట్టె ఆమెని దాటిపోతే మా ఇంటినీ దాటిపోవాల్సిందే.

మీ పేటలో ఐదో కుటుంబం ఎవరిది?

జై భీమ్.