తెరవని సీసాకి రుచి ఉండదు

2023 నవంబరులో లండన్‌లో సోత్‌బీస్ వాళ్ళ వేలంలో ఒకే ఒక్క విస్కీ సీసా 21 లక్షల పౌండ్లు దాటి అమ్ముడుపోయింది. మన లెక్కలో 22 కోట్ల పైమాటే. అది మెకాలన్ 1926. ఆ ఏడు కాచిన సరుకుని 263వ నంబరు పీపాలో పోసి, 60 ఏళ్ళు కదపకుండా ఉంచి, 1986లో సీసాలకెత్తితే 40 వచ్చాయి. ఈ వార్త చూసి మా వాట్సాప్ గ్రూపులో అందరూ నోరెళ్ళబెట్టారు. నాకు మాత్రం దిగులేసింది. అంత పోసి కొన్న సీసా మూత ఇక ఎవరు తీస్తారు?

"కాలేజీ పత్రికలో విస్కీ కబుర్లేంటి సార్?" అంటారేమో. నేనూ ఇక్కడే కెమికల్ ఇంజనీరింగ్ చదివాను. ఇప్పుడు ఉద్యోగం ఎడిన్‌బరోలో. ఈ ఊళ్ళో పాత సింగిల్ కాస్క్ విస్కీలు వెతికి రుచి చూడటం నా సరదా. ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ చట్టం 21 ఏళ్ళు నిండాలంటుంది, అది గుర్తుంచుకునే చదవండి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఈ విస్కీల విలువ వయసులో లేదు, ధరలో అంతకన్నా లేదు. మళ్ళీ రాకపోవడంలో ఉంది. అది మూత తీస్తేనే తెలుస్తుంది.

ముందు అసలు సంగతి. షాపులో దొరికే మామూలు సింగిల్ మాల్ట్ కూడా చాలా పీపాల కలయికే. ఒకే డిస్టిలరీ సరుకు కాబట్టి సింగిల్ అంటారు, అంతే. ప్రతి సీసా ఒకేలా ఉండాలని పదులూ వందలూ పీపాలు కలిపి సగటు తీస్తారు. సింగిల్ కాస్క్‌లో ఆ సగటు ఉండదు. ఒక్క పీపాలో ఉన్నది నేరుగా సీసాలోకి. అయిపోతే అయిపోయినట్టే. మన ఊళ్ళో కల్లు గీసేవాళ్ళని అడగండి, ఒక్క చెట్టు కల్లుకీ నాలుగు చెట్లది కలిపిన కల్లుకీ తేడా చిటికెలో చెప్తారు. ఇదీ అలాంటిదే. ఇక వింటేజ్ అంటే కాచిన సంవత్సరం. స్కాట్లాండ్ నిబంధనల ప్రకారం లేబుల్ మీద ఆ సంవత్సరం వేస్తే, లోపలున్న ప్రతి చుక్కా ఆ ఏడాదిదే అయి ఉండాలి. సీసాకెత్తిన ఏడో, పీపాలో ఉన్న కాలమో, వయసో కూడా చెప్పి తీరాలి.

ఒక పీపాకీ ఇంకో పీపాకీ అంత తేడా ఎందుకొస్తుంది? చెక్క వల్ల. ఓక్ చెక్కలోని లిగ్నిన్ విడిపోయి వెనిల్లిన్ వస్తుంది. లాక్టోన్ల వల్ల కొబ్బరి వాసన వస్తుంది. లోపలివైపు కాల్చిన బొగ్గు పొర గంధకపు వాసనల్ని లాగేసుకుంటుంది. చెక్క సందుల్లోంచి గాలి నెమ్మదిగా లోపలికి వెళ్తుంది. మాస్ ట్రాన్స్‌ఫర్ పేపర్‌లో మనం బట్టీ పట్టిందంతా అక్కడ చీకటి గోదాములో ఏళ్ళ తరబడి జరుగుతూ ఉంటుంది. చెట్టు వేరు, పలక వేరు, ఆ పీపాలో అంతకుముందు ఉన్నది బర్బనా షెర్రీయా అన్నది వేరు. గోదాములో కింద వరసా, పై వరసా అన్నది కూడా లెక్కే.

ఒకసారి ఒకే డిస్టిలరీవి, ఒకే ఏడాదివి, పక్కపక్క నంబర్ల పీపాలవి రెండు గ్లాసులు ముందు పెట్టుకున్నాం. రెండూ బర్బన్ పోసిన పాత పీపాలే. ఒకటి ఎండుగడ్డి రంగులో, నిమ్మతొక్కా పచ్చికొబ్బరీ కలిసిన వాసనతో ఉంది. రెండోది తేనెరంగు, కాస్త మిరియం ఘాటు, చివర్లో పాత పుస్తకాల బీరువా తెరిచినట్టు. కవలపిల్లలు వేరే ఇళ్ళలో పెరిగినట్టు అనిపించింది. 'స్టాండర్డ్ డీవియేషన్' అనే మాటకి రుచి ఉంటుందని నాకు అప్పుడే అర్థమైంది.

ఇక వయసు సంగతి. 12 కన్నా 18 గొప్ప, 18 కన్నా 30 గొప్ప అని మనవాళ్ళకి గట్టి నమ్మకం. కానీ ఆ అంకె స్కాట్లాండ్ చలికి సంబంధించిన కొలత. అక్కడ పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. అమృత్ డిస్టిలరీ ఉన్న బెంగళూరులో ఆ వాటా 10 నుంచి 12 శాతం. కాల్‌క్యులేటర్ తియ్యండి. 250 లీటర్ల పీపా స్కాట్లాండ్‌లో 30 ఏళ్ళకి సుమారు 136 లీటర్లవుతుంది. బెంగళూరులో 10 శాతం లెక్కన ఆరేళ్ళకే 133కి దిగిపోతుంది. ఆవిరవడమూ పరిపక్వమవడమూ ఒకటి కావు, ఒప్పుకుంటాను. కానీ రెండుచోట్లా ఏడాది అంటే ఒకే కొలత కాదని మాత్రం తేలిపోతుంది. 2004లో గ్లాస్గోలో అమృత్ సింగిల్ మాల్ట్ విడుదలైంది. తర్వాత ఎనిమిదేళ్ళు ఉంచిన విస్కీకి వాళ్ళే 'గ్రీడీ ఏంజెల్స్' అని పేరు పెట్టారు. ఆశపోతు దేవదూతలు! మన ఎండకి అంతకన్నా మంచి పేరు దొరకదు.

ఎక్కువ కాలం ఉంచడం మంచిదే అనుకోవడానికీ లేదు. చెక్క మరీ ఎక్కువైతే విస్కీ వగరెక్కి కషాయంలా తయారవుతుంది. స్కాట్లాండ్ తేమలో ఏళ్ళు గడిచేకొద్దీ ఆల్కహాల్ శాతం తగ్గుతుంది. 40 కన్నా కిందికి పోతే దాన్ని స్కాచ్ అని అమ్మే వీల్లేదు. అంటే పాత పీపా గొప్పదనంలో సగం, దాన్ని ఎప్పుడు ఆపాలో తెలిసిన మనిషిది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకెళ్ళడం న్యాయం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ నేల మనది. కూలి డబ్బులన్నీ సారా దుకాణానికి పోతుంటే కడుపు మండి లేచినవాళ్ళు వాళ్ళు. ఆ చరిత్ర తెలిసినవాళ్ళు "రుచి, వాసన" అంటే మొహం చిట్లిస్తే నేను తప్పుపట్టను. అయితే తాగి పడిపోవడానికి తాగేవాడికి పీపా నంబరుతో పనిలేదు. నాకు ఒక సాయంత్రానికి 30 మిల్లీలీటర్లు, కొన్ని నీటిచుక్కలు, ఒక నోటు పుస్తకం చాలు. రెండో గ్లాసుకి ముక్కు పనిచేయడం మానేస్తుంది, అక్కడితో సరదా అయిపోయినట్టే. ఇది దురలవాటు కాకుండా సరదాగా ఉండాలంటే ఆ హద్దు ఉండాల్సిందే.

మళ్ళీ వేలం దగ్గరికి వద్దాం. సీసా తెరవరని తెలిస్తే దొంగకి పండగే కదా! 2017లో స్విట్జర్లాండ్ హోటల్లో 1878 నాటి మెకాలన్ అని ఒక్క గ్లాసు దాదాపు పదివేల ఫ్రాంకులకి అమ్మారు. పరీక్ష చేయిస్తే అది 1970 తర్వాతి సరుకని తేలింది. పాపం, హోటల్ వాళ్ళకీ తెలీదు. డబ్బు తిరిగి ఇచ్చేశారు. ఎలా పట్టుకున్నారనేది మనకి నచ్చే కథ. 1950, 60లలో అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగింది. ఆ గాలి పీల్చి పెరిగిన బార్లీలోకీ, దాంతో కాచిన విస్కీలోకీ అది చేరింది. లేబుల్ అబద్ధమాడొచ్చు, బార్లీ ఆడదు. ఆ తర్వాత ఏడాది స్కాట్లాండ్ శాస్త్రవేత్తలు 55 అరుదైన సీసాల్ని పరీక్షిస్తే 21 నకిలీవని తేలాయి. ఎవరూ రుచి చూడని చోట లేబులే సరుకైపోతుంది.

దీనికి విరుగుడు కూడా ఎడిన్‌బరోలోనే ఉంది. 1983లో ఇక్కడ మొదలైన స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ సింగిల్ కాస్క్‌ల మీద డిస్టిలరీ పేరు వేయదు, అంకెలే వేస్తుంది. చుక్కకి ముందు డిస్టిలరీ నంబరు, తర్వాత పీపా నంబరు. పేరు చూసి మురిసిపోయే అవకాశం లేదు, ముక్కునీ నాలుకనీ నమ్ముకోవాల్సిందే. మేం ఆరుగురం ఇలాంటి సీసా ఒకటి కలిసి కొంటాం, డబ్బులు సమానంగా వేసుకుంటాం. ఆ పీపాలోంచి వచ్చినవి రెండు, మూడు వందల సీసాలు. అందులో ఒకటి మా వాటా. తాగుతూ వాదించుకుంటాం. ఒకరికి ఖర్జూరం, ఇంకొకరికి తోలు చెప్పులు!

రేపు ఎప్పుడైనా మీ చేతికి అలాంటి సీసా వస్తే కాచిన ఏడు, సీసాకెత్తిన ఏడు, పీపా నంబరు, ఆల్కహాల్ శాతం చూడండి. ఏ పీపానో అడగండి. ధర చివర్లో చూడండి. మీకు తెలిసినవాళ్ళెవరైనా "ఇది ఇన్వెస్ట్‌మెంట్" అని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తే, బంగారం కొనుక్కోమని చెప్పండి. బంగారం ఎప్పుడైనా దొరుకుతుంది. ఆ పీపా మాత్రం మళ్ళీ రాదు.