పికప్ మార్చేముందు మర్జ్ ఏంటో కనుక్కోండి



మా చిన్నోడు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కాలేజీ బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తాడు. ఇంట్లో గిటార్ ఉండొచ్చా, ఉండకూడదా అన్న బహస్ మన ఖాందాన్లలో చాలానే ఉంది. ఈరోజు నా మాట దాని గురించి కాదు. ఇంట్లోకి వచ్చేసిన దాని మీద పైసలు ఎలా ఖర్చు పెట్టాలన్నదే నా మాట.

సెలవులకు గుంటూరు వచ్చినప్పుడు వాడు పదహారు వేలు అడిగాడు. పికప్‌లు రెండూ మార్చాలట. ఆ గిటార్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే పద్నాలుగు వేలకు! గిటార్ కంటే దాని లోపలి ముక్కలు ప్రియమా అని అరిచాను. ఫిజూల్ ఖర్చు అన్నాను. వాడు మారు మాట్లాడకుండా లోపలికి పోయాడు. వాళ్ల అమ్మీ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

మూడో రోజు నేనే వాడి గదికి వెళ్లి, 'పికప్ అంటే ఏందిరా, చూపించు' అన్నాను. స్క్రూలు విప్పి చూపించాడు. చూడగానే నాకు నవ్వొచ్చింది. మా అబ్బాకు మోటార్ వైండింగ్ షాపు ఉండేది. రాగి తీగ చుట్టే మమ్మల్ని చదివించారు. ఇదీ అదే ఖాందాన్! అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగ వేల చుట్లు. పైన స్టీలు స్ట్రింగ్ కదిలితే చుట్టలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. ఆ కరెంటే యాంప్లిఫయర్‌లోకి పోయి ఆవాజ్ అవుతుంది. కాబట్టి ఈ మామ్లాలో నాకూ కొంచెం మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

నా రాయ్ ఇది: గిటార్‌కు ఉన్న కొరత ఏంటో ఒక్క వాక్యంలో చెప్పగలిగిననాడే పికప్ కొనాలి. చెప్పలేకపోతే అది జరూరత్ కాదు, బజారు మోజు.

'దీని ఆవాజ్‌లో నీకు నచ్చనిదేంటి?' అని అడిగాను. 'బాగుండదు అబ్బా' అన్నాడు. ఒంట్లో బాగోలేదు అనగానే ఏ హకీమ్ సాబ్ అయినా మందు రాస్తారా? ఎక్కడ నొప్పి అని అడుగుతారు. తిప్పి తిప్పి అడిగితే రెండు సంగతులు బయటికొచ్చాయి. ఒకటి, ఆవాజ్ మొద్దుగా ఉంది, ఏ స్వరమో స్పష్టంగా తెలియట్లేదు. రెండు, బ్రిడ్జి పక్కనున్న పికప్ ఒక్కదాన్నే పెడితే గుయ్యిమని రొద.

మొదటి మర్జ్‌కు ఇలాజ్ పికప్ కానే కాదు. ఆ స్ట్రింగ్స్ మార్చి రెండేళ్లయింది. కొత్తవి వేయగానే సగం మొద్దుతనం పోయింది. స్ట్రింగ్స్ ప్రభావం అంత ఉంటుంది. మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ బేస్ మీద పాత ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్సే ఉంచుకునేవాడు. ఆ మెత్తని ఆవాజే ఆయన పహచాన్. అది కావాలనుకుంటే పాత స్ట్రింగ్స్ నేమత్, వద్దనుకుంటే అవే బలా.

మిగతా సగం పికప్ ఎత్తులో ఉంది. ఎవరో దాన్ని స్ట్రింగ్స్‌కు ఆనేంత పైకి లేపారు. దగ్గరైతే ఆవాజ్ పెద్దదవుతుంది, నిజమే. కానీ అయస్కాంతం స్ట్రింగ్‌ను లాగడంతో స్వరం వణుకుతుంది, త్వరగా చస్తుంది. స్క్రూ తిప్పి కిందికి దించాం. ఖర్చు సున్నా.

రెండో మర్జ్ మాత్రం అసలైనదే. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు ఒకే చుట్ట ఉండేది. 1957లో దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకదానికి ఒకటి ఉల్టాగా పెట్టారు. బయటి కరెంటు రొద రెండిట్లో ఎదురెదురుగా వచ్చి కొట్టేసుకుంటుంది, స్ట్రింగ్ ఆవాజ్ మాత్రం కలుస్తుంది. కమాల్ ఆలోచన! మావాడి గిటార్‌లో మధ్య పికప్ ఆ రకం. బ్రిడ్జి దగ్గరిది మాత్రం ఒంటి చుట్టది, జాజ్ బేస్ రకం. అలాంటిది ఒంటరిగా పెడితే రొద చేయడం దాని ఫిత్రత్. ముందు గ్రౌండ్ వైరు చూశాం, లోపల రాగి రేకు అతికించాం. కొంత తగ్గింది. కానీ గిటార్ పట్టుకుని పక్కకు తిరిగితే రొద పెరుగుతోంది, తగ్గుతోంది. అలా జరిగితే అది చుట్ట నుంచి వస్తున్నట్టే. మార్చాల్సింది ఆ ఒక్కదాన్నే. అదే సైజులో, కవర్ లోపల రెండు చుట్టలున్న రకం దొరుకుతుంది.

షాపులో మాత్రం రెండూ సెట్‌గా మార్చకపోతే కుదరదన్నారట. బాగున్న పికప్‌ను పీకేయడం ఏ లెక్కన ఇన్సాఫ్?

ఇక నా గలతీ కూడా చెప్పాలి. జాజ్ రకం అనగానే కొలవకుండా ఆర్డర్ పెట్టించాను. మూడు మిల్లీమీటర్లు పొడుగొచ్చింది. ఈ రకంలో నెక్ వైపుది, బ్రిడ్జి వైపుది రెండు పొడవుల్లో ఉంటాయి. వాపస్ పంపి పొట్టిది తెప్పించాం. బిగించాక రెండు పికప్‌లూ కలిపి పెడితే ఆవాజ్ పల్చబడింది, అడుగు బలం మాయం. వాడి మొహం వాడిపోయింది. త్రీఫేజ్ మోటార్‌కు రెండు వైర్లు అటూఇటూ అయితే ఉల్టా తిరుగుతుంది కదా, ఇదీ అలాంటిదేనని కొత్త పికప్ రెండు వైర్లూ మార్చి అతికించాం. బలం తిరిగొచ్చింది. వేర్వేరు కంపెనీల పికప్‌లు కలిపితే ఇలా జరుగుతుంది. భయపడి కొత్తది కొనక్కర్లేదు.

పికప్‌తో తేడా రాదని నేననను. వస్తుంది. కానీ వీడియోలో మనం వినేది పికప్ ఒక్కటే కాదు. ఆ మనిషి వేళ్లు, ఆయన యాంప్లిఫయర్, ఆయన స్ట్రింగ్స్ అన్నీ అందులో ఉంటాయి. పైగా పికప్ ఉన్న చోటుకో ఆవాజ్ ఉంటుంది. జాకో పాస్టోరియస్ ఆవాజ్ జాజ్ బేస్ బ్రిడ్జి పికప్‌ది. మధ్యనున్న పికప్‌ను ఎంత ఖరీదైనదానితో మార్చినా ఆ ఆవాజ్ రాదు. ఒంటి చుట్టా, జంట చుట్టా, ఎంత పొడవు, ఏ చోటు, లోపల బ్యాటరీ సర్క్యూట్ ఉందా లేదా అని ముందు చూడాలి. కంపెనీ పేరు ఆఖర్న.

స్ట్రింగ్స్, రాగి రేకు, ఒక పికప్ కలిపి ఎనిమిది వేలలోపే తేలింది. వాడు అడిగినదాంట్లో సగం. సగం ఫిజూల్ అన్న నా మాట నిజమే అయింది, కానీ మిగతా సగం వాడి హక్కు. వినకుండా అరిచినందుకు వాడిని మాఫీ అడిగాను.

పిల్లలు షౌక్ కోసం పైసలు అడిగితే వద్దనేముందు ఆ వస్తువును విప్పించి చూడండి. పిల్లలూ, మీరూ 'బాగోలేదు' అనొద్దు. ఏం బాగోలేదో చెప్పండి.

పోయిన వారం వాడు బ్యాండు రికార్డింగ్ పంపాడు. పాట నాకేం అర్థం కాలేదు. బేస్ మాత్రం శుభ్రంగా వినిపించింది.