గోళీని ఆపింది ఎవరు?

పిల్లలూ,

పోయిన నెల మనం దారానికి రాయి కట్టి ఊపాం, ఊపులు లెక్కపెట్టాం. ఈ నెల గోళీలాడదాం. నవ్వకండి. నేలమీద దొర్లే గోళీలో ఒక పెద్ద ప్రశ్న ఉన్నది. దానికి లోకం సుమారు రెండువేల ఏళ్ళు తప్పు జవాబు చెప్పుకున్నది.

ప్రశ్న ఇది: గోళీని వేలితో కొట్టారు. అది దొర్లింది. కొంతదూరం పోయి ఆగింది. ఎందుకు ఆగింది?

"నేను కొట్టిన దెబ్బ బలం అయిపోయింది, అందుకని ఆగింది" అంటారు మీరు. అంతేనా? క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు పండితుడు అరిస్టాటిల్ కూడా దాదాపు ఇట్లాగే అన్నాడు. కదిలే వస్తువును ఏదో ఒకటి కదిలిస్తూనే ఉండాలని ఆయన మాట. అది తెలివితక్కువ మాటేమీ కాదు. ఎద్దులు ఆగితే బండి ఆగుతుంది. తొక్కటం మానేస్తే సైకిలు ఆగుతుంది. కంటికి కనిపించేది అదే. అయితే కంటికి కనిపించినదాన్ని చేత్తో పరీక్షించి చూడటం మన పద్ధతి.

మొదటి ప్రయోగం

కావలసినవి: ఒక గోళీ, మూరెడు పొడుగు దళసరి అట్ట, నాలుగు పుస్తకాలు, ఒక తువ్వాలు, ఒక దుప్పటి, కొలిచేందుకు టేపు.

అట్టను పొడుగునా మడిచి కాలువలా చెయ్యండి. దాని ఒక కొనను పుస్తకాలమీద ఆనించి, రెండో కొనను నేలకు తగలనివ్వండి. కాలువ పైభాగంలో పెన్సిలుతో ఒక గీత గియ్యండి. గోళీని ప్రతిసారీ ఆ గీతదగ్గర పట్టుకుని వదలాలి. తొయ్యకూడదు. చేత్తో తోస్తే ఒకసారి గట్టిగానూ ఒకసారి మెల్లిగానూ తోస్తాం. ఒకే ఎత్తునుంచి వదిలితే ప్రతిసారీ ఒకే వేగంతో కిందికి వస్తుంది. ప్రయోగంలో నిజాయితీ అంటే ఇదే.

మొదట కాలువ ముందు తువ్వాలు పరిచి గోళీని వదలండి. అది ఆగినచోటికి ఎంత దూరమో కొలిచి రాసుకోండి. ఇట్లా మూడుసార్లు చెయ్యండి. తరవాత తువ్వాలు తీసి, దుప్పటి ముడతలు లేకుండా పరిచి మూడుసార్లు, ఆ తరవాత నున్నటి గచ్చుమీద మూడుసార్లు చెయ్యండి. అంకెలు నేను చెప్పను. మీ తువ్వాలు వేరు, మా తువ్వాలు వేరు. కాని వరస మాత్రం అందరికీ ఒకటే వస్తుంది: తువ్వాలుమీద తక్కువ, దుప్పటిమీద ఇంకొంచెం, గచ్చుమీద చాలా ఎక్కువ. గోడ అడ్డం వచ్చినా రావచ్చు.

ఇప్పుడు ఆలోచించండి. మూడుచోట్లా గోళీ ఒకే వేగంతో బయలుదేరింది. "దెబ్బ బలం అయిపోయి" ఆగేదయితే మూడుచోట్లా ఒకే దూరంలో ఆగాలి గదా? ఆగలేదు. మారినదల్లా కింద ఉన్న నేల. కనక గోళీ తనంతట తాను ఆగలేదు. నేల దాన్ని ఆపింది. దీన్నే మనం రాపిడి అంటాం, పాఠ్యపుస్తకాలు ఘర్షణ అంటాయి.

సైకిలు సంగతి కూడా ఇంతే. నేలా, ఇరుసూ, ఎదురుగాలీ కలిసి దాన్ని ఆపుతున్నాయి. వాటికి ఎదురుగా నిలవటానికే మనం తొక్కుతూ ఉండాలి.

రెండో ప్రయోగం

ఇట్లాంటి కాలువనే మరొకటి చేసి, రెంటినీ ఎదురెదురుగా పెట్టండి. కలిసేచోట కాగితం అంటించి నున్నగా చెయ్యండి. ఒకవైపు వదిలిన గోళీ దిగి, రెండోవైపు ఎక్కుతుంది. బయలుదేరిన ఎత్తుకు కొంచెం తక్కువగా ఎక్కి ఆగుతుంది. ఆ కొంచెం ఎందుకు తగ్గిందో ఇప్పుడు మీకు తెలుసు.

రెండో కాలువ వాలు తగ్గించండి. గోళీ ఇంచుమించు అదే ఎత్తుకు చేరటానికి ఇంకా ఎక్కువ దూరం పోతుంది. మరీ తగ్గిస్తే ఇంకా దూరం. సరే, వాలు పూర్తిగా తీసేసి బల్లపరుపుగా పెడితే? రాపిడి అనేదే లేకపోతే? గోళీ ఆ ఎత్తుకు ఎన్నటికీ చేరదు. కనక ఎన్నటికీ ఆగదు!

ఇట్లా ఆలోచించినవాడు ఇటలీ దేశపు గెలీలియో. వాలుపలకలమీద గుండ్లు దొర్లించి ఆయన చేసిన పరిశోధనలు 1638లో పుస్తకంగా వచ్చాయి. 1687లో ఇంగ్లండులో న్యూటన్ తన గ్రంథంలో దీన్ని మొదటి సూత్రంగా పెట్టాడు. బయటినుంచి బలం వచ్చి మార్చితే తప్ప, ఆగివున్న వస్తువు ఆగే ఉంటుంది, కదిలే వస్తువు అదే వేగంతో తిన్నగా పోతూనే ఉంటుంది. ఈ గుణానికి జడత్వం అని పేరు.

అసలు ఆగకుండా పోయేది ఎక్కడైనా ఉన్నదా అంటారేమో. 1977 సెప్టెంబరు 5న అమెరికావారు వాయేజర్ 1 అనే నౌకను అంతరిక్షంలోకి పంపారు. అది సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో సూర్యుడినుంచి దూరంగా పోతున్నది. వెనకనుంచి తోసే ఇంజను ఏదీ దానికిప్పుడు పనిచెయ్యటం లేదు. సూర్యుడి ఆకర్షణ దాన్ని కొద్దికొద్దిగా వెనక్కి లాగుతున్నా ఆపలేదు. అక్కడ దాన్ని రాసే నేల లేదు గదా!

మూడో ప్రయోగం

ఇది సరదాగా ఉంటుంది, కాని మూడింటిలోనూ ముఖ్యమైనది. చపాతీపిండితో చిన్న మనిషి బొమ్మ చేసి బొమ్మకారు పైన కూచోబెట్టండి. ఒక చెక్కపలకను వాలుగా పెట్టి, అది నేలను తాకేచోట చక్రాలకు అడ్డంగా బరువైన పుస్తకం పెట్టండి. కారును పైనుంచి వదలండి. కారు పుస్తకానికి తగిలి ఆగుతుంది. పిండిమనిషి? ఎగిరి పుస్తకం అవతల పడతాడు. పుస్తకం ఆపింది కారును. పిండిమనిషిని ఎవరూ ఆపలేదు.

ఇప్పుడు బొమ్మను సన్నటి దారంతో కారుకు కట్టి వదలండి. బొమ్మ ఎగరదు. కాని దారం దాని నడుములోకి దిగబడుతుంది. దారం తీసి, వెడల్పాటి రిబ్బను కట్టి చూడండి. బొమ్మ ఎగరదు, నడుమూ తెగదు. బలం వెడల్పుగా పరుచుకున్నది. కార్లలో బెల్టు అందుకే వెడల్పుగా ఉంటుంది. భుజానికీ నడుముకూ కలిపి పెట్టుకునే ఆ బెల్టును వోల్వో కంపెనీలో పనిచేసిన స్వీడన్ ఇంజనీరు నీల్స్ బోలిన్ 1959లో రూపొందించాడు.

"మా పాపను ముందు సీట్లో వొళ్ళో గట్టిగా పట్టుకుంటాం, ఏమీ కాదు" అనే పెద్దలుంటారు. పై తరగతి పిల్లలు వారికి ఈ లెక్క చేసి చూపించండి. కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. అంటే సెకనుకు 10 మీటర్లు. అది దేన్నో గుద్దుకుని సెకనులో పదోవంతు కాలంలో ఆగిందనుకోండి. 10ని పదోవంతుతో భాగిస్తే 100. పాప బరువు 10 కిలోలు. పదిని వందతో గుణిస్తే 1000 న్యూటన్లు. పాపను ఆపటానికి చేతులకు కావలసిన బలం అది. 100 కిలోల బియ్యం బస్తాను ఎత్తి పట్టుకునేంత బలమన్నమాట! అదీ కన్నుమూసి తెరిచేలోపల, ముందు తెలియకుండా. ప్రేమ ఎంత ఉన్నా చేతులకు అంత బలం రాదు. పసివాళ్ళకు వెనకసీట్లో అమర్చే ప్రత్యేకమైన సీట్లు ఉన్నవి ఇందుకే.

బస్సు పూర్తిగా ఆగకముందే దూకేవారి సంగతీ ఇంతే. పాదాలు నేలకు తగిలి ఆగుతాయి. పైభాగం బస్సు వేగంతోనే పోతుంది. మనిషి బోర్లా పడతాడు. ఫుట్‌బోర్డుమీద వేలాడేవాడికి బ్రేకు వేసినప్పుడు దిక్కు వాడి వేళ్ళే. జడత్వం పరీక్షలో మార్కులకోసం చదివే మాట మాత్రమే కాదు. రోజూ బస్సు ఎక్కేటప్పుడు మీ వెంట అదీ ఎక్కుతుంది.

పెద్దలకు ఒక మాట. పిల్లలు ఈ ప్రయోగాలు చేసేటప్పుడు జవాబు ముందే చెప్పెయ్యకండి. టేపు చేతికిచ్చి పక్కన కూచోండి. తువ్వాలు మాసిపోతే ఉతుక్కోవచ్చు. ఇంకొకటి: కారులో వెనక కూచున్నా మీరు బెల్టు పెట్టుకోండి. పిండిమనిషి ఎగరటం చూసిన పిల్లలు ఇక మిమ్మల్ని గమనిస్తూ ఉంటారు.

పిల్లలూ, ఈ నెల మీ పని: మొదటి ప్రయోగంలో దుప్పటి పరిచే ఉంచండి. గోళీని వదిలే ఎత్తు రెట్టింపు చెయ్యండి. అది పోయే దూరం ఎన్ని రెట్లు అవుతుంది? ముందు మీ ఊహ కాగితంమీద రాయండి. తరవాత మూడుసార్లు కొలవండి. ఊహ తప్పయినా కొట్టివెయ్యకండి. దాని పక్కనే కొలత రాయండి. వచ్చే నెల ఆ రెండు అంకెలతోనే మన పాఠం మొదలవుతుంది.