ల్యాప్‌టాప్ పోతే ఇంకోటి వస్తుంది... ఫైళ్లు?

మా పిన్ని కొడుక్కి హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. ఆ మధ్య పండక్కి ఊరెళ్లి, అక్కడే కూర్చుని పని చేసుకుంటుంటే ల్యాప్‌టాప్ మీద టీ ఒలికింది. అంతే, స్క్రీన్ నల్లగా అయిపోయింది. వెంటనే నాకు ఫోన్.

"అన్నయ్యా, మెషీన్ పోతే కంపెనీ ఇంకోటి ఇస్తుంది. నెల రోజులు కూర్చుని చేసిన రిపోర్టు దాన్లోనే ఉంది."

"క్లౌడ్‌లోకి వెళ్తూ ఉంటుంది కదరా?"

"ఫోన్ హాట్‌స్పాట్ మీద చేస్తున్నా. డేటా అయిపోతుందని సింక్ ఆపేశా. మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయా."

మీలో ఎంతమంది ఈ పని చేశారో చేతులెత్తండి. సిగ్గెందుకు, నేనూ ఎత్తుతున్నా!

ఇది మనలాంటి వాళ్ల కథే అనుకోకండి. దక్షిణ కొరియా ప్రభుత్వం కథ వినండి. అక్కడ ఉద్యోగులు ఆఫీసు ఫైళ్లు దాచుకోవడానికి జీ-డ్రైవ్ అనే ప్రభుత్వ క్లౌడ్ ఉండేది. దాదాపు 7.5 లక్షల మంది వాడుకునే వీలుంది, తలా 30 జీబీ. 2025 సెప్టెంబర్ 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. 858 టెరాబైట్లు బూడిదైపోయాయి. డేటా మరీ ఎక్కువని దానికి బయట ఇంకో కాపీ పెట్టలేదు. ఫైళ్లన్నీ ఇందులోనే పెట్టాలని రూలు పెట్టుకున్న శాఖకు అందరికంటే పెద్ద దెబ్బ తగిలింది. క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేది కాదండీ. ఎక్కడో ఒక బిల్డింగ్‌లో ఉండే కంప్యూటరే!

దీనికి సరిగ్గా రివర్స్‌లో జరిగింది ఇంకో కథ. 1998లో పిక్సార్ వాళ్లు 'టాయ్ స్టోరీ 2' తీస్తున్నారు. ఎవరో సర్వర్‌లో ఒక డిలీట్ కమాండ్ కొట్టారు. కళ్ల ముందే పాత్రలు, సీన్లు మాయం. బ్యాకప్ తీసి చూస్తే అది కూడా సరిగా పనిచేయడం లేదు. అప్పుడు కాపాడిందెవరో తెలుసా? ఇంటి నుంచి పని చేస్తున్న ఒక ఉద్యోగిని! ఆ సినిమా సూపర్‌వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్ గేలిన్ సుస్మన్. చంటిబిడ్డ తల్లి కావడంతో ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని పని చేసేవారు. దాన్లో సినిమా కాపీ ఉంది. ఆ కంప్యూటర్‌ని దుప్పట్లలో చుట్టి, పసిపాపలా కార్లో ఆఫీసుకి తీసుకెళ్లారు.

రెండింటిలో తేడా ఒక్కటే. ఒకచోట రెండో కాపీ ఉంది, ఇంకోచోట లేదు. అందుకే ఐటీ వాళ్లు 3-2-1 అనే లెక్క చెబుతారు. ఫైలుకి మొత్తం 3 కాపీలు, 2 రకాల స్టోరేజీల్లో, అందులో 1 వేరే ఊళ్లోనో క్లౌడ్‌లోనో ఉండాలి.

"మాకు గూగుల్ డ్రైవ్ ఉంది, వన్‌డ్రైవ్ ఉంది, ఇంకేం కావాలి?" అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు. సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ అద్దం లాంటిది. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది, ఆ తర్వాత గోవిందా. బ్యాకప్ అలా కాదు, పోయిన నెల ఫైలు ఎలా ఉందో అలాగే దాచి పెడుతుంది.

ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ఇంకొన్ని చిక్కులున్నాయి. నెట్‌వర్క్‌ని విండోస్ 'మీటర్డ్' అని గుర్తిస్తే వన్‌డ్రైవ్ తనంతట తానే సింక్ ఆపేస్తుంది. బ్యాకప్ రాత్రి పూట సెట్ చేసి ఉంటే, మనం మూత మూసి పడుకుంటాం కాబట్టి అది నడవదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు క్లౌడ్‌కి వెళ్తున్నా, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మామూలుగా వెళ్లదు. మనం సగం పని చేసేది అందులోనే!

అలాగని భయపడి ఆఫీసు ఫైళ్లు సొంత పెన్‌డ్రైవ్‌లోకో, సొంత జీమెయిల్‌కో పంపుకోకండి. అందులో కస్టమర్ల వివరాలుంటే ఉద్యోగానికే ఎసరు. అడగాల్సింది కంపెనీని. మూడే ప్రశ్నలు: నా ల్యాప్‌టాప్‌లో ఏయే ఫోల్డర్లు బ్యాకప్ అవుతున్నాయి? ఆఫీసు నెట్‌వర్క్‌లో లేకపోయినా అవుతుందా? చివరిసారి ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూసింది ఎప్పుడు?

మూడోదే ముఖ్యం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి, అవసరానికి ఒక్కటీ సరిగా ఆదుకోలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి దొరికింది. తెరిచి చూడని బ్యాకప్‌ని నమ్ముకోవడమంటే, గాలి ఉందో లేదో చూడని స్టెప్నీని నమ్ముకోవడమే.

మా వాడి సంగతా? మేనేజర్‌కి పంపిన పాత మెయిల్స్‌లో సగం రిపోర్టు దొరికింది. మిగతా సగానికి మూడు రాత్రులు జాగారం. తప్పు వాడొక్కడిదేనా అంటే, నేనొప్పుకోను. సింక్ ఆపింది వాడే, నిజమే. కానీ ఇన్ని రోజులుగా ఆ ల్యాప్‌టాప్ నుంచి ఒక్క ఫైలూ రావడం లేదని కంపెనీలో ఒక్కరూ చూడలేదు.

సరే, ఇది చదవడం అయిపోయాక ఒక పని చేయండి. క్లౌడ్‌లోకి వెళ్లి, మీ ముఖ్యమైన ఫైలు చివరిసారి ఏ తేదీన సేవ్ అయిందో చూడండి. నిన్నటి తేదీ ఉంటే హాయిగా టీ తాగండి. పోయిన నెలది ఉంటే... ముందు ల్యాప్‌టాప్ పక్క నుంచి ఆ టీ కప్పు తీసేయండి!