శనివారం నూనె, తెల్లవారుజాము పెట్రోలు

మా అత్తగారు శనివారం నూనె కొనరు. శనిదోషమట! పెట్రోలు కూడా నూనేనని ఆవిడ వాదన. మా బావమరిది ఈ మాటకి పగలబడి నవ్వుతాడు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినవాడు కదా! కానీ అతనూ ఆ సాయంత్రం పెట్రోలు కొట్టించడు. "తెల్లవారుజామున పెట్రోలు చల్లగా, చిక్కగా ఉంటుంది బావా. అదే డబ్బుకి ఎక్కువొస్తుంది" అంటాడు.

ఒక శనివారం రిజర్వ్ లైటు వెలిగినా బంకు దాటుకుని ఇంటికొచ్చేశాడు. రాత్రి రెండింటికి మామగారికి గుండెనొప్పి. ఆసుపత్రికి సగం దారిలో కారు ఆగిపోయింది. దారినపోయే ఆటో అతను ఎక్కించుకోబట్టి మామగారు దక్కారు. తల్లిది మూఢనమ్మకం, కొడుకుది సైన్సు. ట్యాంకు మాత్రం ఖాళీయే!

సరే, లెక్క చూద్దాం. వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుంది, నిజమే. డిగ్రీకి సుమారు 0.1 శాతం. అయితే బంకులో పెట్రోలు ఉండేది ఎండలో కాదు, భూమిలో పాతిన పెద్ద ట్యాంకులో. పొద్దుటికీ మధ్యాహ్నానికీ అక్కడ వేడి పెద్దగా మారదు. మా బావమరిది మీద జాలితో 2 డిగ్రీల తేడా ఉందనే అనుకుందాం. 30 లీటర్లకి కలిసొచ్చేది 60 మిల్లీలీటర్లు. లీటరు 110 రూపాయలనుకుంటే 7 రూపాయలు కూడా లేదు. దానికోసం పనిగట్టుకుని పొద్దున్నే పోనూ రానూ 6 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకి 15 ఇచ్చే కారు 400 మిల్లీలీటర్లు తాగేస్తుంది!

మూఢనమ్మకం ఎప్పుడూ పంచాంగం పట్టుకునే రాదు. ఒక్కోసారి ఫిజిక్స్ పుస్తకం చంకన పెట్టుకుని కూడా వస్తుంది. సూత్రం తెలిస్తే చాలదు, అది ఎంతమేరకు పనిచేస్తుందో లెక్క కట్టాలి. లెక్క కట్టని సైన్సుకీ శనిదోషానికీ తేడా ఏమిటి?

ఏటా వేసవిలో ఇంకో పుకారు: ఫుల్ ట్యాంకు చేయిస్తే ఎండకి పేలుతుందని. ఇది అబద్ధమని ఇండియన్ ఆయిల్ సంస్థే ప్రకటించింది. పెట్రోలు నిప్పు తగలకుండా తనంతట తాను అంటుకోవాలంటే 200 డిగ్రీలు దాటాలి. మన రోహిణి కార్తె 45 దగ్గరే ఆగుతుంది. గన్ను దానంతటదే ఆగాక ఇంకా కుక్కి పోయించకపోతే చాలు. ఆవిరికి కావలసిన చోటు కంపెనీవాళ్లు ముందే వదిలారు.

అసలు ప్రమాదం ఖాళీ ట్యాంకుతోనే. నేటి పెట్రోలు కార్లలో ఇంధన పంపు ట్యాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. ఎప్పుడూ రిజర్వులో తిప్పితే పంపు ఆయుష్షు తగ్గుతుంది. పావు ట్యాంకుకి రాగానే కొట్టించండి. వారం, వర్జ్యం, వేళ చూడొద్దు, ముల్లు చూడండి.

కొలతలో మోసం జరుగుతోందని అనుమానమా? అనుమానం మంచిదే. ప్రతి బంకులోనూ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. అడిగి, మీ కళ్లముందే కొలిపించుకోండి. ఆ హక్కు మీకుంది. తెల్లవారుజామున లేచేవాళ్లు చాలామందే ఉన్నారు, ఆ పాత్ర అడిగినవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు.

మామగారు ఇప్పుడు బాగున్నారు. శనిదేవుడు కాపాడాడని అత్తగారు అంటున్నారు. ఆ రాత్రి ఆటోలో పెట్రోలు ఉందని నేనంటున్నాను.